మిరపరాశి వెనక ముక్కాలిపీట

మా అన్నయ్య విజయవాడ నుంచి అమ్మకు కొత్త కుర్చీ తెచ్చాడు. వీపుకు మెత్త, పక్కన చేతులు, కాళ్ళు చాపుకోవడానికి ముందుకు లాగితే వచ్చే చెక్క. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి అమ్మను కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి సంబరపడుతున్నారు. నేను ఖమ్మంలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతాను. సెలవులకని దమ్మపేట దగ్గరి మా ఊరికి వచ్చి ఉన్నాను. ఆ సందట్లోనే పాలు పోసే మనిషి చెప్పాడు, గూడెంలో పీట ముసలమ్మ పోయిందని.

"అయ్యో పాపం. దానివీ నా మోకాళ్ళలాంటివే" అంది అమ్మ, కుర్చీలో ఇంకాస్త వెనక్కి సర్దుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. కావడానికి ఇద్దరి మోకాళ్ళూ ఒకలాంటివే. కాకపోతే ఒకరి మోకాళ్ళ కోసం ఇల్లంతా మార్చారు, ఇంకొకరి మోకాళ్ళను పొగరు అన్నారు. ఆ మాట అప్పుడే అనేశాను కూడా. సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ పెట్టుకోకుండా పోనని మా ఇంట్లో నాకు పేరుంది. ఆ పేరు చెడగొట్టుకోవడం దేనికి?

నా చిన్నప్పుడు మా మిరపతోటలకు కూలికి వచ్చే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఈ అడవి అంచున భూమి కొన్నప్పుడు మొదట చెట్ల మోళ్ళు పీకిన కూలీల్లో కూడా ఉందట. పొట్టి మనిషి. బొడ్లో చిన్న గుడ్డ సంచి, నోట్లో ఎప్పుడూ చుట్టముక్క, చంకలో ముక్కాలిపీట. ఆ పీట వచ్చాక అది లేకుండా ఆమెను చూసినవాళ్ళు నాకు తెలిసి లేరు. తోటకు, సంతకు, బస్సుకు, పెళ్ళికి, ఎక్కడికైనా అది ఉండాల్సిందే. కూర్చునే ముందు దాన్ని నేలమీద అటూ ఇటూ ఆడించి, మెత్తగా రెండు తట్లు తట్టేది. ఆ తర్వాత చేతులు రెండూ తొడలమీద పెట్టుకుని, పళ్ళు బిగబట్టి, "ఓ నా యవ్వా" అంటూ దిగేది. కూర్చున్నాక మాత్రం మహారాణి. ఎవరొచ్చినా అక్కడినుంచే మాట్లాడేది.

ఒకసారి తోట గట్టుమీద ఫారెస్టు గార్డు ఆపాడు. అడవి కర్రతో చేసిన పీట అని వాడికి అనుమానం.

"ఏడిదే ఈ కర్ర?"

"నా మూడో కాలు సారూ. రెండు నీ అడవిలనే అరిగినయ్. అవి తిరిగిస్తవా, ఇది తీస్కపో" అంది.

వాడు నవ్వేసి వదిలేశాడు. అందరూ అంత తేలిగ్గా నవ్వేసి ఉంటే నేనిది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆమెకు ఇంకో పేచీ ఉండేది. మా దగ్గర ఎవరైనా ఎదురుపడితే "బాగున్నవా" అంటారు, అవతలివాళ్ళు "బాగున్న" అంటారు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. అది నిజంగా అడిగేదీ కాదు, నిజంగా చెప్పేదీ కాదు. ఆమె మాత్రం నిజంగానే చెప్పేది. "ఏడ బాగుంట? కూసుంటె లెవ్వరాదు, లేస్తె కూసోరాదు" అని మొదలుపెట్టి, మోకాళ్ళ నుంచి నడుముకు, నడుము నుంచి మెడకు, మెడ నుంచి కళ్ళకు ఎక్కుతూ పోయేది. పొద్దున ఎట్లా ఉంది, మధ్యాహ్నం ఎట్లా ఉంది, గుడిసె వెనక్కి పోయి కూర్చోవాలంటే ఏ కొమ్మ పట్టుకోవాల్సి వస్తుంది, అన్నీ. వినేవాళ్ళు మెల్లగా జారుకునేవాళ్ళు. "దాన్ని మాత్రం బాగున్నావా అని అడక్కండే" అని మా అమ్మ ఇంటికొచ్చిన చుట్టాలకు ముందే చెప్పి ఉంచేది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చిందీ ఆ రోజుల్లోనే. సత్తుపల్లిలో ఒక డాక్టరు ఉండేవాడు. అమ్మ కారులో వెళ్ళి చూపించుకుంది. ఆ ముసలమ్మ బస్సెక్కి వెళ్ళి, పీట వేసుకుని వరండాలో పగలంతా కూర్చుని చూపించుకుంది. డాక్టరు ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. గుజ్జు అరిగింది, ఇక నేల మీద కూర్చోవద్దు.

ఆ ఒక్క మాటతో మా ఇల్లు ఎంత మారిపోయిందో చెప్తాను. కట్టెల పొయ్యి పోయి, నడుమెత్తు గట్టు కట్టించి దాని మీదికి గ్యాసు పొయ్యి వచ్చింది. పీటల మీద భోజనాలు పోయి టేబులొచ్చింది. పెరట్లో కొత్త గది కట్టించి అందులో కమోడ్ పెట్టించారు. దాన్ని చూడటానికి వీధి వీధంతా వచ్చింది. అమ్మ పూజ కూడా స్టూలు మీదికి మారింది. దేవుళ్ళను ఎత్తుగా గూట్లోకి జరిపారు. అమ్మ మోకాళ్ళ కోసం దేవుళ్ళు కూడా చోటు మారారన్నమాట. తప్పని నేననను. నొప్పి ఉన్న మనిషికి చేయాల్సిందే.

అదే మాట విని గూడేనికి తిరిగొచ్చిన మనిషి కోసం ఏం మారింది? ఆమె కొడుకు అడవిలోంచి ఒక దుంగముక్క తెచ్చి, చెక్కి, మూడు కాళ్ళు బిగించి ఇచ్చాడు. అదే ఆ పీట. డాక్టరు చెప్పిన వైద్యంలో ఆమెకు దొరికింది అంతే, దానికీ మా నాన్న కల్లంలో చోటు దొరకలేదు.

మిరపకాయలు ఎండాక కల్లంలో రాశులుగా పోస్తారు. ఆడవాళ్ళు వాటి ముందు గొంతుక్కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతారు. యజమానికి ఒక నులకమంచం. మేస్త్రి, అంటే కూలీలను ఎంచి పిలుచుకొచ్చే మనిషి, ఆ మంచం కోడు పక్కన నిలబడతాడు. మిగతావాళ్ళందరూ నేల. ఇది ఎవరూ చెప్పిన రూలు కాదు, చెప్పాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ఆమె మొదటిసారి పీటతో వచ్చి రాశి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది అసలు సంగతి. నులకమంచం మీద మా నాన్న తల, ముక్కాలిపీట మీద ఆమె తల ఒకే ఎత్తులో ఉన్నాయి.

"ఏంటది? కింద కూర్చోమను" అన్నాడు నాన్న, ఆమెతో కాదు, మేస్త్రితో.

"కూసోరాదయ్యా. డాక్టరు వద్దన్నడు" అంది ఆమె, మేస్త్రితో కాదు, నాన్నతో.

"వాళ్ళకి అలవాటేలే, ఊరికే వేషాలు" అన్నాడు నాన్న.

అలవాటు! ఆ మాట వింటే నాకు ఇప్పటికీ పిచ్చికోపం వస్తుంది. ఎండ వాళ్ళకు అలవాటు, మిరప మంట వాళ్ళకు అలవాటు, చలిజ్వరం వాళ్ళకు అలవాటు, పురుడు పోసుకుని పచ్చి ఒంటితో కలుపుకు రావడం అలవాటు. వాళ్ళకేమైనా వేరే ఎముకలు పెట్టి పుట్టించారా? నొప్పి అలవాటైందని అనేవాళ్ళను చూడండి, ఆ నొప్పి ఎప్పుడూ వాళ్ళది అయి ఉండదు.

చివరికి మేస్త్రి మధ్యేమార్గం కనిపెట్టాడు. పీట వేసుకోవచ్చు, కానీ రాశికి అవతలి పక్కన, అయ్యగారికి కనబడకుండా. అట్లా కొన్నేళ్ళు నడిచింది. రాశి ఎత్తుగా ఉన్నంతసేపు ఏ బాధా లేదు. బస్తాలకెత్తే కొద్దీ రాశి తగ్గి ముందు ఆమె నెత్తిన ముడి, తర్వాత నుదురు, తర్వాత చుట్టముక్క బయటపడేవి. నాన్న గొంతు సవరించుకునేవాడు. మేస్త్రి పరుగెత్తి ఆమెను ఇంకో రాశి వెనక్కి మార్చేవాడు. ప్రతిసారీ ఆ అరిగిన మోకాళ్ళతో లేవాలి, పీట చంకన పెట్టుకోవాలి, నడవాలి, మళ్ళీ తట్టి కూర్చోవాలి. "ఓ నా యవ్వా" అని రాశుల వెనక నుంచి వినబడేది. కొందరు ఆడవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నాకు మాత్రం ఏనాడూ నవ్వు రాలేదు.

మా అమ్మకు తెలియదా అంటే, అందరికంటే ఎక్కువ తెలుసు. ఒక మధ్యాహ్నం ఆ ముసలమ్మ పచ్చిమిరపకాయలు ఇవ్వడానికి పెరటి వైపు వచ్చింది. అమ్మ గుమ్మంలో స్టూలు మీద, ఆమె గుమ్మం బయట పీట మీద. అమ్మే అడిగింది.

"మెట్లెక్కేటప్పుడు నీకు ఏ కాలు ముందుపెడితే తేలికే?"

"ఎడమదమ్మా. దిగేటప్పుడు కుడిది. నీకు?"

"నాకూ అంతేనే! వాన పడే ముందు లోపల పొడుస్తుందా?"

"పొడుస్తదా అంటవేంది? మబ్బుకంటె ముందు నా చిప్పకే తెలుస్తది. వావిలాకు ఉడకబెట్టి కట్టు, నొప్పిని కొంచెం గుంజుతది."

నేను పుట్టాక అమ్మ ఇంకొకరితో అంత ఇష్టంగా మాట్లాడటం చూడలేదు. ఇద్దరూ చీరలు మోకాళ్ళ పైదాకా జరుపుకుని ఎవరి వాపు ఎంతో చూపించుకున్నారు. ఇద్దరివీ అచ్చం ఒకలాగే ఉన్నాయి. అంతలో వీధివైపు నాన్న చెప్పుల చప్పుడైంది. అమ్మ చీర లాక్కుంది. "లే, లే, అవతలికి పో" అంది, అంతవరకూ ఎవరితో మాట్లాడిందో మరిచిపోయినట్టు. ఆమె లేవడానికి ఎంత సేపు పడుతుందో అమ్మకు తెలుసు, ఎంత నొప్పిగా ఉంటుందో కూడా తెలుసు. అయినా ఆ మాట అంది. నాన్న మీద కంటే ఆ రోజు అమ్మ మీదే నాకు కోపం ఎక్కువ వచ్చింది.

నేను ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో, సెలవులకు వచ్చి ఉండగా, ఒక జీపు వచ్చింది. కళ్ళద్దాలాయన ఒకరు, పట్నం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె. ఊళ్ళలో జనం ఆరోగ్యం ఎట్లా ఉందో అడిగి తెలుసుకుంటారట. జబ్బులు కాదు, మామూలు బతుకు. నడవగలుగుతున్నారా, నిద్ర పడుతోందా, ఒళ్ళు నొప్పులున్నాయా, మొత్తం మీద బాగుందా, ఒక మోస్తరా, బాగాలేదా. మంచి ప్రశ్నలే. ఇన్నాళ్ళకు ఎవరో మనిషి బతుకును అడుగుతున్నారని నాకు ముచ్చటేసింది.

ముందు మా వీధి. వరండాలో కూర్చోబెట్టి కాఫీలిచ్చారు. మా అమ్మ మోకాళ్ళతో మొదలుపెట్టింది. నాన్న నడుము, ఎదురింటావిడ గ్యాసు, పక్కింటాయన నిద్రలేమి, ఆయన భార్య గుండెదడ. ఒక్కరూ బాగున్నామనలేదు. ఒకరు చెప్తుంటే ఇంకొకరికి గుర్తొచ్చేది.

తర్వాత గూడెం. దారి చూపించడానికి నాన్న మేస్త్రిని తోడిచ్చాడు. నేనూ వెనకే పోయాను. ఇంకో వారంలో మిరప పనులు మొదలు. ఆ ఏడు ఎవరిని పనికి పిలవాలో ఎంచేది ఆ మేస్త్రే. అతను చేతులు కట్టుకుని ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాడు.

"మీ ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

"బాగున్న."

"నొప్పులేమైనా?"

"ఏం లెవ్వు. మంచిగనే ఉన్న."

గుడిసె తర్వాత గుడిసె, ఇదే జవాబు. నాకు తెలిసిన మనుషులు వాళ్ళు. తోటలకు పురుగుమందు కొట్టి కొట్టి చేతులు వణికే మనిషి చేతులు వెనక్కి పెట్టుకుని బాగున్న అన్నాడు. ఒకావిడ దగ్గు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టి నిలబడింది. ముఖం కందిపోయింది. మేస్త్రి రెండు గుడిసెలు దాటాక తెరలు తెరలుగా దగ్గు వినబడింది. పనికిరామని చెప్పుకున్నవాళ్ళను పనికి ఎవరు పిలుస్తారు? అంత చిన్న విషయం జీపులో వచ్చినవాళ్ళకు తట్టలేదు.

చివర్లో ఆమె. గుడిసె ముందు పీట మీద కూర్చుని ఉంది.

"ఎలా ఉన్నావమ్మా, బాగున్నావా?"

"బాగలేను" అంది. ఎప్పట్లాగే మోకాళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కింది. ఆ అమ్మాయి ఓపిగ్గానే వింది. ఆమె అక్కడితో ఆగలేదు. "నేనే కాదు, వీళ్ళెవరు బాగలేరు. ఈ మేస్త్రిని జర అవతలికి పొమ్మని మళ్ల అడుగుపో బిడ్డా."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "దీనికి నోరెక్కువ సార్. దీని మాట పట్టించుకోకండి."

కళ్ళద్దాలాయన కూడా నవ్వాడు. "ముసలితనం, చాదస్తం" అన్నాడు. జీపెక్కారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో భోజనం చేస్తూ ఆయన నాన్నతో అన్న మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. "ఆశ్చర్యమండీ. మీ వీధి కంటే గూడెం వాళ్ళ ఆరోగ్యమే బాగుంది. అడవి గాలి, ఒళ్ళు వంచి చేసే పని."

"నే చెప్పలా?" అని నాన్న తొడ చరిచాడు.

"మేస్త్రి పక్కన నిలబడితే ఎవరు చెప్తారండీ?" అన్నాను నేను. ఆయన నావైపు చూసి, చదువుకున్న పిల్ల అన్నట్టు తల ఊపి, పెరుగు వేయించుకున్నాడు. నాన్న నన్ను లోపలికి పొమ్మన్నాడు. అప్పటినుంచి ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. కూలి పెంచమన్నా, మంచినీళ్ళ బోరు వేయించమన్నా, "మనకంటే వాళ్ళే గట్టిగా ఉన్నారని పట్నం వాళ్ళే చెప్పి వెళ్ళారు" అనేవాడు నాన్న.

పనులు మొదలైన రోజు ఆమె ఎప్పట్లాగే పీటతో కల్లానికి వచ్చింది. మేస్త్రి కంచె దగ్గరే ఆపాడు.

"నువ్వు బాగలేనంటివి గద. పోయి పండుకో."

"బాగలేకనే వచ్చిన. బాగుంటె నీ కాడికెందుకొస్త?"

"పో పో. పనికి బాగున్నోళ్ళే కావాలె."

ఆమె తిరిగి ఇంటికి పోలేదు. కంచె బయట, బాట పక్కన, పీటను రెండు తట్లు తట్టి కూర్చుంది. పొద్దుగూకేదాకా కల్లం వైపే చూస్తూ కూర్చుంది. లోపల ఆడవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. నాన్న ఆ రోజు ఆమె కనబడకుండా మంచాన్ని అటు తిప్పి వేయించుకున్నాడు. ఆమెను మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు, మా తోటకే కాదు, చుట్టుపక్కల ఏ తోటకూ. నిజం చెప్తే ఏమవుతుందో గూడెమంతా కళ్ళారా చూసింది.

తర్వాతి కాలంలో మార్పు రాలేదని అనను. గూడెం దాకా రోడ్డు వచ్చింది, బస్సు వచ్చింది, సూదులేసే నర్సమ్మ వచ్చింది. గూడెంలో పిల్లల చావులు తగ్గాయి. కానీ చావకుండా ఉండటం వేరు, లేచి కూర్చోగలిగి బతకడం వేరు. మా వీధిలో పళ్ళూడితే పళ్ళ సెట్టు వచ్చింది, చూపు తగ్గితే కళ్ళద్దాలొచ్చాయి, చెవులకు మిషన్లొచ్చాయి. గూడెంలో మనిషి నలభై దాటేసరికి మా వీధిలో డెబ్బై ఏళ్ళ మనిషిలా అవుతున్నాడు. ఇది మాత్రం ఎవరూ జీపేసుకుని వచ్చి అడగలేదు.

పాలమనిషి చెప్పిన రోజే గూడేనికి వెళ్ళాను. అప్పటికే మట్టి చేసి వచ్చారు. పోయిన మనిషి వాడుకున్న వస్తువులు సమాధి మీద పెట్టడం అక్కడి ఆనవాయితీ. చెంబు, గుడ్డ సంచి, మిగిలిన చుట్టలు ఒక పెద్దాయన చేతిలో ఉన్నాయి. ఆయన ఆమె కోడలి ముందు నిలబడి ఉన్నాడు. కోడలికి నా వయసే. పీట మీద కూర్చుని ఉంది.

"లెవ్వు బిడ్డా. అది ఆమెది. ఆమెతోనే పోవాలె" అన్నాడు పెద్దాయన.

"చెంబు పెట్టు, చీర పెట్టు, ఏమన్న పెట్టు" అంది కోడలు. ఏడుస్తూనే ఉంది. "దీన్ని ఆడ పెడితె నేనేడ కూసోవాలె?"

చీర కుచ్చెళ్ళు పక్కకు జరిగి మోకాలు కనబడుతోంది. అదే వాపు. పెద్దాయన ఆ మోకాలు చూసి, చెంబూ సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడే బాట మీద మోటారు సైకిలు ఆగింది. ఆ పాత మేస్త్రి కొడుకు. ఇప్పుడు కూలీలను పిలిచేది అతనే. అతను బండి దిగేలోపు కోడలు గభాలున లేచింది. పీటను కాలితో గుడిసెలోకి తోసేసి, మట్టి నేల మీద గొంతుక్కూర్చుంది. పళ్ళు బిగబట్టడం నాకు కనిపించింది. నోట్లోంచి చప్పుడు మాత్రం రానివ్వలేదు.

"ముసలమ్మ పోయిందంట గద" అన్నాడు అతను. "పనులు మొదలైతయ్ మరి. నువ్వు బాగున్నవా?"

"బాగున్న" అంది.

అతను తల ఊపి బండెక్కాడు. నేను ఏదో అనబోతే ఆమె కళ్ళతోనే వద్దంది. బండి చప్పుడు చింతల మలుపు దాటేదాకా అట్లాగే కూర్చుంది. ఆ తర్వాత నావైపు చెయ్యి చాపింది.

"జర లేపమ్మా" అంది.